పేరు లేని దువా

గురువారం పొద్దున ఎసెన్‌కుల్ చాయ్ గిన్నె నోటి దాకా తెచ్చి ఆగాడు. చేదు. ఆ చేదులో ఎక్కడో గులాబీ వాసన. నరిన్ కొండల్లో డిసెంబరు నెలలో గులాబీ ఎక్కడిది?

"కోడలా! ఏం కలిపావు ఇందులో?"

పిండి కలుపుతున్న నజిరా తలెత్తలేదు. "చాయ్‌లో ఏం కలుపుతారు మామయ్యా? పాలు, ఉప్పు."

"డెబ్బై ఏళ్ళుగా తాగుతున్నాను. నాకు నేర్పకు."

లేచి పొయ్యి వెనక వెతికాడు. గుడ్డ మూట దొరికింది. విప్పితే ఎండిన వేళ్ళు, పైన పసిడి రంగు తోలు. బంగారు వేరు, గులాబీ వాసన దానిదే. ముసలివాళ్ళకు ఒంట్లో ఓపికకీ, తలలో మరుపుకీ కాచి పోస్తారు దాన్ని.

"ముసలాడికి మతి పోయిందని తేల్చేశావన్న మాట. ఊరంతా చాటావా, నీ మొగుడి దాకానేనా?"

"ఎవరికీ చెప్పలేదు."

"దొంగచాటుగా పోస్తావా నాకు?"

"ఎదురుగా ఇస్తే తాగే మనిషేనా మీరు?"

ఆయన గిన్నె తీసుకెళ్ళి గుమ్మం ముందు మంచులో కుమ్మరించాడు. ఆ తర్వాత పశువుల కొట్టంలోకి వెళ్ళి కూర్చున్నాడు. భార్య పోయి మూడు వారాలు. తల్లిని మట్టి చేశాక కొడుకు తలాయ్ గొర్రెల మందతో చలికాలపు బీడుకు పోయాడు. ఇంట్లో ఉన్నది వీళ్ళిద్దరే. మాటలు లేకపోతే రోజంతా పొయ్యి చప్పుడే.

కోడలిది తప్పని ఆయన అనుకోలేదు. అదే మంట.

ప్రతి గురువారం నజిరా బోర్సోక్ పిండి ముక్కలు నూనెలో వేయిస్తుంది. ఆ వాసన పోయినవాళ్ళకు అందుతుంది. ఇంటిపెద్ద దువా చదివి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి తలచి ఎవరి వాటా వాళ్ళకు అప్పగించాలి. తండ్రి, తాత, ముత్తాత, ఏడు తరాల పేర్లూ ఆయన గడగడా చెప్పేవాడు. చివర భార్య పేరు దగ్గర నాలుక ఆగిపోయేది. మూడు వారాలుగా 'మా వాళ్ళందరికీ' అని ముగించి, గబగబా చేతులతో మొహం తుడుచుకుంటున్నాడు. అంటే మూడు వారాలుగా ఆమె పస్తు.

కాగితాలు వెతికితే దొరుకుతుంది. భార్య పేరు కాగితంలో వెతుక్కునే మగాడిగా బతకడం ఆయనకు ఇష్టం లేదు. కొట్టంలో కూర్చుని ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే తలచుకున్నాడు. ఏదీ ఆమెది కాదు.

మధ్యాహ్నం నజిరా కొట్టం తలుపు తోసింది.

"చలిలో బిగుసుకుపోతే తలాయ్‌కి నేనేం చెప్పుకోవాలి?"

"ముసలాడు మరిచిపోయి చచ్చాడని చెప్పు."

"ఆ వేళ్ళు నేను కొన్నవి కావు మామయ్యా." ఆమె తలుపు దగ్గరికి వేసింది. "అత్తయ్య తవ్వి తెచ్చినవి. పోయిన ఏడాది వేసవిలో, మోకాళ్ళు పట్టేసినా కొండెక్కి తెచ్చింది. మీరు ఒకే ఆవును రెండుసార్లు పితకబోయారట."

ఎసెన్‌కుల్ పక్కనున్న ఆవు వైపు చూశాడు.

"'ఆయనకు చెప్పకు, చెబితే తాగడు. నేను లేనప్పుడు కాచి పోస్తూ ఉండు' అంది. పోశాను. తప్పేనా?"

"మరి ఎందుకు పనిచెయ్యలేదు?" ఆయన ఒక్కసారిగా అరిచాడు. "తాత పేరుంది, ముత్తాత పేరుంది. దాని పేరెక్కడ పోయింది?"

నజిరా మామగారి మొహంలోకి చూసింది.

"ఎన్నిసార్లు పిలిచారు మీరు ఆవిణ్ణి పేరు పెట్టి?"

"మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలుస్తాడా?"

"'ఏమేవ్' అనేవారు. కోపమొస్తే అదీ లేదు. మరిచిపోయినదైతే ఆ బంగారు వేరు గుర్తు తెస్తుందేమో. అసలు నోట పలకని మాటను ఎక్కణ్ణుంచి తెస్తుంది, పాపం?"

ఆయన చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక గోడకు ఆనింది.

నజిరా వెళ్ళిపోయింది. కాసేపటికి నూనె వాసన కొట్టం దాకా వచ్చింది. ఆయన లోపలికి వెళ్ళి భోజనాల వస్త్రం పరిచిన చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దువా చదివాడు. ఏడు తరాలనూ తలచాడు. తర్వాత ఆగాడు. ఈసారి చేతులు మొహానికి పోలేదు.

"చెప్పు."

నజిరా ఉలిక్కిపడింది. "నేనా? అత్తగారి పేరు కోడలు నోట అనకూడదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి జారితే మీరే కదా గిన్నె విసిరింది."

"విసిరాను. బుద్ధి తక్కువ. పాపమైతే నాకే తగలనీ. చెప్పమ్మా."

ఆ ఇంట్లో ఆయన నోట 'అమ్మా' అన్న పిలుపు ఆమె వినడం అదే మొదలు. ఆమె తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెప్పింది.

"సైరకాన్."

ఎసెన్‌కుల్ పెదవులు కదిలాయి. "సైరకాన్" అన్నాడు, గట్టిగా, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు. అలవాటు కొద్దీ జవాబు కోసం ఆగాడు. నలభై మూడేళ్ళు ఆ ఇంట్లో ఏ మూల నుంచైనా 'ఆఁ, వస్తున్నా' అని వినబడేది. పేరు పెట్టి పిలిచిన రోజున ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

"మళ్ళీ అనండి మామయ్యా," అంది నజిరా ఏడుస్తూనే. "నిలబడుతుంది."

ఆయన మళ్ళీ అనబోయాడు. సగంలో గొంతు ఆగిపోయింది. ఈసారి మరుపు వల్ల కాదు.