వీపు మీది రక్తం

వచ్చినావిడ కుర్చీ అంచున కూర్చుంది, ఎవరో లేచిపొమ్మంటారన్నట్టు.

"షాపు యజమానిని ఎవరో ఎదురుగా నిలబడి గుండెల్లో పొడిచారమ్మా. ఆయన రక్తం మా తమ్ముడి కోటు మీద ఉందట. కేసంతా దాని మీదే. రేపే తీర్పు. వాడు ఆ ఛాయలకే పోలేదు! పోలీసులు తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, 'అక్కా, స్టవ్ మీద పాలున్నాయి' అన్నాడు. అదే ఆఖరి మాటైపోతుందేమోనని..."

డిటెక్టివ్ ఓదార్చలేదు. చెప్పులేసుకుంది. ఏళ్ల తరబడి ఆమె వెంట తిరిగిన సహాయకుడికి అది చాలు. గొడుగందుకున్నాడు.

ఫోరెన్సిక్ ల్యాబ్ అద్దంలా ఉంది. "ప్రతి నెలా ఏదో ఒకటి మెరుగుపరుస్తాం మేడమ్," అన్నాడు డైరెక్టర్. "పని నత్తనడక నడిచే రోజులు పోయాయి."

డిటెక్టివ్ దీపం కింద కోటు తిప్పి చూసింది. మరకలన్నీ వీపు మీదే. ఛాతీ, చేతులు శుభ్రం. రక్తం బట్టలోకి ఇంకలేదు, నూగుకు పొడిలా అంటుకుంది.

"దీన్ని ఎలా ఆరబెట్టారు?"

"వానలో తడిసొచ్చింది మేడమ్. అల్మారాలో కింది అరలో బోర్లా పరిచాం," అంది టెక్నీషియన్.

సహాయకుడు అల్మారా తెరిచాడు. రెండరల మధ్య ఇనుప పలక ఉంది. "పలకేమో ముసలిది. మరలు మాత్రం కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయే!"

టెక్నీషియన్ నవ్వలేదు. తల దించుకుంది.

సాయంత్రం ఆ గదికే కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్‌ని, అక్కని కూడా పిలిపించారు.

"వాడి కోటుకి రక్తం పూసిందెవరమ్మా?" అంది అక్క.

"ఎవరూ పూయలేదు. రాలింది," అంది డిటెక్టివ్. "ఎదురుగా పొడిచినవాడికి వీపు మీద రక్తం పడదు. తడి రక్తమైతే బట్టలోకి ఇంకేది. ఇది ఎండిన పొడి, కోటు ఆరాక పైనుంచి రాలింది. పాత పలకకి కొత్త మరలంటే, దాన్ని ఒకసారి తీసి మళ్లీ బిగించారన్నమాట. గాలాడి త్వరగా ఆరాలని అప్పట్లో పలక చోట ఇనుప వల పెట్టారు. పై అరలో చనిపోయినాయన చొక్కా, కింద ఈ కోటు. మెరుగు చేయబోయి పొరబడటం నేరం కాదు. అది తెలిసీ పలకను గుట్టుగా మళ్లీ బిగించడం నేరం."

"అంతా ఊహ!" అన్నాడు డైరెక్టర్.

"బిగించింది నేనే," అంది టెక్నీషియన్. "వల కింద ఎర్రటి పొడి చూసి సార్‌కి చెప్పాను. 'బిగించెయ్, నోరు మాత్రం విప్పకు' అన్నారు."

డైరెక్టర్ డిటెక్టివ్ వైపు తిరిగాడు. "ఇదొక్కటి ఒప్పుకుంటే పాత కేసులన్నీ తిరగదోడాలి మేడమ్. ల్యాబ్ పరువేం కావాలి?"

"తిరగదోడండి. ఈ నెల మెరుగుదల అదే."

ఇన్‌స్పెక్టర్ బయటికెళ్లి ప్రాసిక్యూటర్‌తో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. "రేపు తీర్పు ఉండదమ్మా. కోర్టు విడుదల చేయగానే మీ తమ్ముణ్ని ఇంటికి పంపిస్తాం."

"పంపొద్దు బాబూ," అందావిడ లేస్తూ. "నేనే వచ్చి తెచ్చుకుంటాను. ఇక ఏ గుమ్మం దగ్గరా వాణ్ని ఒంటరిగా వదలను."