పోసినవాడు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది ఎస్సై తారామణి.

"మేడమ్, జల్ది రావాలె." హెడ్ కానిస్టేబుల్ భూషణం గొంతు. "శవాన్ని కాటికి తీస్కపోతలేరు. బార్ ముందట పెట్టి కూసున్నరు."

"ఎవరి శవం?"

"రామస్వామిదే మేడమ్. మొన్న రాత్రి నాచారంల బైక్ గుద్దింది గదా."

సగం కాయలు పళ్ళెంలోనే ఉండిపోయాయి.

ఉప్పల్ రింగురోడ్డు పక్క సందులో ఉంది ఆ బార్. షట్టర్ సగం దించి ఉంది. దాని ముందు అద్దాల పెట్టె, అందులో రామస్వామి. నాచారంలో రంగుల ఫ్యాక్టరీ కార్మికుడు. బుధవారం సెకండ్ షిఫ్ట్ దిగి సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే వెనకనుంచి బైక్ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు.

గుద్దినవాడు గౌతమ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నాచారం కాలనీ కుర్రాడు. కాలు విరిగింది. రక్తంలో మద్యం మోతాదు చట్టం ఒప్పుకున్నదానికి అయిదింతలు ఉంది. ఈ బార్‌లోనే తాగాడు.

చుట్టాలు అరుస్తున్నారు. రామస్వామి భార్య కమలకుమారి మాత్రం అరవడం లేదు. పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది.

"మేడమ్, ఒక్క మాట చెప్పుర్రి," అంది తలెత్తి. "తాగినోనికి సోయి లేదు. మరి పోసినోనికి ఉంటది గద? బండి తాళం చేతిల పెట్టి పంపినోనికి ఉంటది గద? సోయి ఉండి చేసినోనిది తప్పు గాదా?"

తారామణి వంగి ఆమె పక్కన కూర్చుంది.

"సాయంత్రం దాకా టైమియ్యి అక్కా. ఆయన్ని ఎండల పెట్టకు. తీస్కపోండ్రి."

కమలకుమారి పెట్టె మీది చెయ్యి తీసింది.

"తీస్కపోతం. పొద్దుగూకేసరికి నాకు మనిషిని చూపియ్యాలె. ఎవని మొకం చూసి ఏడ్వాల్నో నాకు తెల్వాలె."

తలకొరివి పెట్టాల్సిన కొడుకు పెట్టె తాళ్ళు సర్దుతున్నాడు. పదో తరగతి కూడా దాటినట్టు లేడు. తారామణి చూపు తిప్పుకుంది.

షట్టర్ లోపల ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు సర్వర్ బిక్షపతి. వయసు యాభైకి దగ్గర. పెదవి వాచింది. ఎవరో కొట్టారు. ఎవరని అడిగినా చెప్పలేదు.

స్టేషన్‌కు వచ్చేలోపు ఇన్‌స్పెక్టర్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.

"మత్తులో ఉన్నవాడికి పోయకూడదని లైసెన్స్ షరతు ఉంది. పైగా బల్ల మీదున్న బండి తాళం చేతికిచ్చి పంపాడు. సర్వర్‌ని కూడా ముద్దాయిగా చేర్చు. సాయంత్రానికి రిమాండ్. జనం చల్లబడతారు."

తారామణి బిక్షపతికి కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"ఎన్ని పెగ్గులు పోశావ్?"

"ఐదు."

"చాలని చెప్పలేదా?"

"నాలుగింటికే చాలన్న మేడమ్. ఆ పిలగాడు మేనేజర్‌కు చెప్పిండు. మేనేజర్ పొయ్యమన్నడు. పోసిన."

"తాళం ఇచ్చావా?"

అతను గోడ వైపు తిరిగాడు.

"ఇచ్చావా, లేదా?"

"తప్పు నాదే మేడమ్. రాసుకోర్రి. జైల్ల ఏయుర్రి."

"నేనడిగింది అది కాదు."

"ఆమె మొకం చూడలేకపోతున్న మేడమ్. ఏసెయ్యుర్రి."

భూషణం ఆమె వెనకే బయటికి వచ్చి నవ్వాడు. "ఒప్పుకున్నోణ్ణి ఇంకేం అడుగుతరు మేడమ్? గిసొంటోడు మనకు నసీబుంటేనే దొరుకుతడు."

"అదే నా అనుమానం. ఇచ్చాను అని మాత్రం అనడం లేదు."

వెనక షెడ్డులో బైక్ ఉంది. ముందు చక్రం వంగిపోయింది. సీజ్ చేసిన తాళం సంచిలో ఉంది. బైక్‌కు ఉండగానే దొరికింది. బార్ వాడు ఇచ్చాడని అందరూ నమ్మింది దాన్ని చూసే.

తారామణి తాళాన్ని వెలుతురులో తిప్పి చూసింది.

రింగు లేదు. పళ్ళ మీద ఒక్క గీత లేదు. పళ్ళ సందుల్లో ఎర్రగా ఏదో ఎండి ఉంది.

"రక్తమా మేడమ్?"

"రక్తం ఎండితే నల్లబడుతుంది. నీ బండి తాళం ఇటియ్యి."

భూషణం జేబులోంచి తీశాడు. "నాది చూడకుర్రి మేడమ్. చెవి గోక్కొని గోక్కొని సగం అరిగింది."

"నీ బండికి ఎన్నేళ్ళు?"

"రెండు."

"ఇతనిదీ రెండేళ్ళ బండే. రోజూ తిప్పే తాళం కొత్తదానిలా ఎలా ఉంది?"

భూషణం నవ్వు ఆపేశాడు.

"ఇంకోటి. బార్ బిల్లు తొమ్మిదీ పదికి. యాక్సిడెంట్ పదకొండూ ఐదుకి. ఉప్పల్ నుంచి నాచారం ఎంతసేపు?"

"అరగంటనే. గా మెట్రో గుంతలున్నా అరగంటనే."

"మిగతా సమయం ఎక్కడున్నాడు?"

నాచారం కాలనీలో మూడో సందు. గేటుకు తెల్ల రంగు, ముందు పోర్టికో. గౌతమ్ తండ్రి పరంధామయ్య సర్కారీ ల్యాబ్‌లో అధికారిగా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళ కింద కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. కాలు విరిగిందని స్టేషన్ బెయిల్ మీద వదిలిన గౌతమ్ హాల్లో మంచం మీద ఉన్నాడు, కాలికి కట్టుతో.

"ఏం గుర్తుంది బాబూ?"

"బార్‌లో కూర్చున్నాను మేడమ్. తర్వాత హాస్పిటల్లో కళ్ళు తెరిచాను."

"మధ్యలో ఇంటికొచ్చావా?"

గౌతమ్ కళ్ళు ఒక్కసారి వంటింటి గుమ్మం వైపు పోయి వచ్చాయి. "గుర్తులేదు."

పరంధామయ్య కుర్చీలోంచి లేచాడు. "మావాడు తప్పు చేశాడమ్మా, నేను కాదనను. శిక్ష పడనివ్వండి. కానీ తూలుతున్నవాడి చేతిలో తాళం పెట్టినవాడు హంతకుడు కాడా? అలాంటి వాణ్ణి వదిలేస్తారా?"

మంచినీళ్ళు తెస్తున్న అతని భార్య అన్నపూర్ణమ్మ చేతిలో గ్లాసు ఒలికింది. పమిటతో నేల తుడవడానికి వంగింది. మళ్ళీ తలెత్తలేదు.

ఆవిడ వెనకే దేవుడి గూడు. దీపం పక్కన ఇత్తడి పళ్ళెం. అందులో మూడు తాళాలు, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు. బీరువాది, వీధి తలుపుది, పాత స్కూటర్‌ది. కొత్తగా ఏది కొన్నా దాని రెండో తాళాన్ని దేవుడి దగ్గర పెట్టి, శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టే ఇల్లు అది.

తారామణి నీళ్ళు తాగి లేచింది. అప్పుడే ఏమీ అడగలేదు. తేల్చుకోవలసింది ఇంకొకటి ఉంది.

బార్ పక్కనే ఉడికిన గుడ్లు అమ్ముతుంది సాలమ్మ. ధర్నా పుణ్యమా అని పొద్దున గుడ్లన్నీ అమ్ముడుపోయాయట. పోలీసుల్ని చూసి బుట్ట దగ్గరికి లాక్కుంది.

"బుధవారం రాత్రి ఆ పిలగాణ్ణి చూశావా?"

"చూడకేం? బిక్షపతి అన్న రెక్కవట్టి తెచ్చి షేర్ ఆటోల కూసోవెట్టిండు. పైసలు గూడ ఆయనే ఇచ్చిండు. ఆ పిలగాడు నన్ను 'అత్తా' అన్కుంట ఒకటే నవ్వుడు."

"మరి బండి?"

"గాడనే ఉండె. మస్తు తాగినోని తాళం బిక్షపతి అన్న ఇయ్యడు బిడ్డా. ఖాళీ గిలాసలు తీసేటప్పుడు దాన్ని గూడ ట్రేల ఏస్కపోతడు. తెల్లారినంక వచ్చి తీస్కపోతరు. ఇది మేనేజర్‌కు తెల్వదు. తెలిస్తే కొలువు ఊడుతది. పోయినేడు ఒకడు తాళం దొంగిలిచ్చిండని లొల్లి చేస్తే, ఇంకోపారి ముట్టుకుంటే ఎల్లగొడ్తనన్నడు."

"తీసిన తాళాలు ఎక్కడ పెడతాడు?"

సాలమ్మ అటూ ఇటూ చూసింది. "నా పేరు చెప్పకుర్రి. పల్లీల డబ్బల."

వంటగది అలమరలో పెద్ద రేకు డబ్బా. భూషణం మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాడు. తీసిన చేతికి ఉప్పు అంటుకుని ఉంది. వేళ్ళ మధ్య ఒక తాళం. అరిగిన పళ్ళు, రింగుకు గౌతమ్ ఆఫీస్ బిళ్ళ.

గుమ్మంలో నిలబడ్డ మేనేజర్ మెడ చాచి డబ్బాలోకి చూశాడు.

సాయంత్రం ఐదు దాటింది. పరంధామయ్య ఇంటి హాల్లో అందరూ ఉన్నారు. బిక్షపతి గుమ్మం బయటే నిలబడితే తారామణి లోపలికి పిలిచింది. అతన్ని చూడగానే పరంధామయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తారామణి టీపాయ్ మీద రెండు తాళాలు పక్కపక్కన పెట్టింది.

"ఇది గౌతమ్ రోజూ వాడే తాళం. ఇవాళ మధ్యాహ్నం బార్‌లో దొరికింది. బుధవారం తొమ్మిదింటి నుంచి బిక్షపతి దగ్గరే ఉంది. గౌతమ్‌ని ఆటో ఎక్కించి ఇంటికి పంపింది కూడా అతనే."

"అయితే బండి..." పరంధామయ్య మాట మధ్యలో ఆగింది.

"బండి నడిపింది ఈ రెండో దానితో. పళ్ళ సందుల్లో కుంకుమ ఉంది. మీ దేవుడి పళ్ళెంలో అన్నిటి తాళాలూ ఉన్నాయి. బైక్‌ది లేదు."

పరంధామయ్య గూటి దగ్గరికి వెళ్ళాడు. పళ్ళెం ఎత్తి చూశాడు. దించాడు.

"గౌతమ్, ఆ తాళం నువ్వే తీసుకున్నావా?"

"అవును మేడమ్. నేనే తీసుకున్నాను. ఎవరికీ తెలీదు." మధ్యాహ్నం ఏమీ గుర్తులేనివాడు ఈసారి ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అబద్ధం ఆడకు నాన్నా." అన్నపూర్ణమ్మ గొంతు వినబడీ వినబడనట్టుంది. "నేనే ఇచ్చానమ్మా."



"మీరు పడుకున్నారు," అంది భర్త వైపు చూడకుండా. "వాడు ఆటోలో వచ్చాడు. బండేదిరా అంటే బార్ దగ్గరుందన్నాడు. తెల్లారి ఐదింటికి మీరు వాకింగ్‌కి లేస్తారు. పోర్టికోలో బండి లేకపోతే అడుగుతారు. ఇంకోసారి ఆ బార్ ముందు నా ఇంటి బండి కనబడితే వీడు గడప తొక్కక్కర్లేదన్నారు కదా. మీరన్నారంటే చేస్తారు. మజ్జిగలో నిమ్మకాయ పిండి ఇచ్చాను. అన్నం పెట్టాను. తిన్నాడు. నాతో నవ్వుతూ మాట్లాడాడు, బాగానే నడిచాడు. దిగిపోయిందనుకున్నాను. చప్పుడు కాకుండా తెచ్చి పెట్టెయ్యరా అని దేవుడి దగ్గర తాళం తీసి నేనే చేతిలో పెట్టాను."

గౌతమ్ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి.

తారామణి బిక్షపతి వైపు తిరిగింది. "తాళం నీ దగ్గరే ఉందని చెబితే ఈ రెండు రోజుల దెబ్బలు తప్పేవి. ఎందుకు చెప్పలేదు?"

అతను నేల చూపులు చూశాడు.

"చెప్తే నేను చేసింది పోతదా మేడమ్? పదిన్నరకు ఈ పిలగాడు మల్ల వచ్చిండు. అద్దంలకెళ్ళి చూసిన. తాళం నా కాడ ఉంది, బండెట్ల స్టార్టయితుందని పరేషానైన. ట్రే పక్కకు పెట్టి ఉరికితే ఆపుదును. లోపల బిల్లు బిల్లని ఒకటే ఒర్లుడు. మేనేజర్ నన్నే చూస్తున్నడు. ఊకున్న. బండి మలుపు తిరిగేదాక చూసుకుంట నిలవడ్డ."

తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"ఐదోది పోసింది నేను. పోతుంటే చూసింది నేను. రామస్వామి పెండ్లాం అడిగిన దాంట్ల తప్పేముంది?"

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్.

"రిమాండ్ కాగితాలు అయ్యాయా?"

"లేదు సార్. బిక్షపతి ముద్దాయి కాదు. సాక్షి. వచ్చి చెబుతాను."

ఫోన్ పెట్టేసి అన్నపూర్ణమ్మ వైపు చూసింది. "మీ స్టేట్‌మెంట్ కావాలమ్మా. మీరు ఇప్పుడు చెప్పిందే. అది కాగితం మీదికి రాకపోతే బిక్షపతి బయటపడటం కష్టం."

"ఆగండి." పరంధామయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆవిడకి ఒంట్లో బాగోలేదు. కొడుకు మీద బెంగతో ఏదో మాట్లాడుతోంది. నేను లాయర్ని పిలుస్తాను. అసలు ఈయన ఒప్పుకున్నాడు కదమ్మా? పోశాను, చూశాను అని మీ ముందే అన్నాడు. ఇంకా మా ఇంట్లో ఆడమనిషిని కోర్టుకీడ్చడం దేనికి?"

బిక్షపతి వాచిన పెదవిని భుజం గుడ్డతో అద్దుకున్నాడు.

అన్నపూర్ణమ్మ అతన్నే చూస్తోంది. తర్వాత భూషణం వైపు తిరిగింది.

"వాళ్ళ ఇల్లెక్కడ బాబూ? పోయినాయన ఇల్లు."

"రైల్వే గేటు దాటినంక బస్తీ అమ్మా. ఇంటి ముందట టెంటు ఏసి ఉంటది. పొద్దుగూకేసరికి మనిషిని చూపియ్యాలెనని ఆయన పెండ్లాం కూసోని ఉంటది, మీరిప్పుడు..."

"అన్నపూర్ణా," అన్నాడు పరంధామయ్య. "లోపలికి నడు."

ఆవిడ నడిచింది. లోపలికి కాదు. హాలు దాటింది, గుమ్మం దాటింది. చెప్పుల స్టాండ్ పక్కనుంచే వెళ్ళినా కాళ్ళకేమీ వేసుకోలేదు. భూషణం జీపు తలుపు తెరవబోతే తారామణి వద్దని చెయ్యెత్తింది.

"ఎక్కడికి? నిన్నే. ఎక్కడికి?"

గేటు గడియ తీసిన చప్పుడు వినిపించింది. పరంధామయ్య పోర్టికో దాకా వచ్చి నిలబడిపోయాడు. అన్నపూర్ణమ్మ వెనక్కి తిరిగి చూడకుండా, ఒక్క మాటైనా అనకుండా రైల్వే గేటు వైపు సాగిపోయింది.