ఉదరదర్శిని పచ్చదీపం

"కుడిపక్కకి ఒత్తిగిలాలి సూరమ్మా," అంది డాక్టర్ హైమవతి, ప్రోబ్‌కి జెల్ రాస్తూ.

ఒత్తిగిలడమా! ముసలమ్మకి తుంటి ఎముక విరిగి మూడు రోజులైంది. నర్సు భుజం మీద చెయ్యి వేసిందో లేదో, గావుకేక పెట్టింది. హైమవతికి ప్రాణం ఉసూరుమంది.

"సర్లే, వెల్లకిలానే చూసేద్దాం," అంది.

ఆ మిషను పేరు ఉదరదర్శిని. కనిపెట్టింది హైమవతే. మత్తులో ఉన్న మనిషి కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లో పడిందా, ఇక అంతే సంగతులు. అందుకే ఆపరేషన్‌కి ముందు ఏమీ పెట్టొద్దంటారు. మనవాళ్ళు వింటేగా! శనివారం ఉపవాసమంటే అన్నం మానడమే. ఉప్పుడుపిండి తిన్నా, జావ తాగినా లెక్కలోకి రాదు. పదేళ్ళ కిందట అలాగే "ఏమీ తినలేదమ్మా" అన్న తాపీమేస్త్రీ ఒకడు ఆమె చేతుల్లోనే పోయాడు. ఆ కసితో పుట్టింది ఈ మిషను. అల్ట్రాసౌండ్‌తో కడుపులోకి చూసి, ఖాళీ అయితే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం వెలిగిస్తుంది. దాంతోపాటు ఆమే ఒక రూలు కూడా రాసింది: రోగిని అడగొద్దు, మిషను మాటే మాట.

ఒక్కటే చిక్కు. కుడిపక్కకి తిరిగితేనే కడుపులో నీళ్ళు ప్రోబ్ కిందికి చేరతాయి. వెల్లకిలా ఉంటే వెనక్కి జారి కనబడవు. అది హైమవతికి తెలుసు. తెలిసీ జాలిపడింది.

పచ్చదీపం వెలిగింది.

"పొద్దున్న ఏమైనా..." అనబోయి ఆగిపోయింది. తను రాసిన రూలు తనే తప్పితే ఎలా?

మత్తిచ్చిన నిమిషానికి సూరమ్మ నోట్లోంచి జావ పొంగుకొచ్చింది. సక్షన్ పెట్టారు, ట్యూబ్ వేశారు, గుండె నొక్కారు. మధ్యాహ్నం రెండింటికి ప్రాణం పోయింది.

బయట బెంచీ మీద కోడలు నీలవేణి కుమిలి కుమిలి ఏడుస్తోంది. హైమవతి పక్కన కూలబడింది.

"పొద్దున్న ఏం పెట్టావమ్మా?"

"పెట్టొద్దన్నారని అన్నం పెట్టలేదు. శనివారం గదా, రెండు గ్లాసులు చోడిజావ తాగించాను."

"మరి చెప్పలేదేం తల్లీ!"

"మా ఆయన ఆపరేషన్‌కి మీరే మూడుసార్లు అడిగారు డాక్టరమ్మా. ఈసారి ఎవరూ అడగలేదు. నేనే చెప్పబోతే నర్సమ్మ, అన్నీ మిషనే చూసుకుంటుంది, నువ్వు కూర్చో అంది."

నీలవేణి కొంగుతో మొహం తుడుచుకుని, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అన్నీ చూస్తాదన్నారు గదమ్మా, మరి జావ కనబళ్ళేదా?"