డోర్‌బెల్ ముందు మూడు ప్రకటనలు

"ఇందుమూలముగా సంఘమునకు తెలియజేయునది ఏమనగా..." జోయెల్ మూసిన తలుపుకు ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఎదుట గోడకు అప్పుడే బిగించిన వీడియో డోర్‌బెల్ ఉంది. దాని మైకు పనిచేస్తోందో లేదో చూడాలి. లోకమంతా అందుకు 'హలో హలో, వన్ టూ త్రీ' అంటుంది. జోయెల్ అనడు. మేడ్చల్‌లో వాళ్ల చర్చికి సౌండ్ సిస్టమ్ చూసుకునేది అతనే. "హలో అంటే మైకు సంగతి తెల్వదు బిడ్డా, పొడుగు వాక్యం సదివితేనే దాని బండారం బయటపడ్తది" అని చర్చి పాస్టరు అయ్యగారు నేర్పిన విద్య అది.

పొడుగు వాక్యాల్లోకెల్లా పొడుగుది పెండ్లి ప్రకటన. వాళ్ల చర్చిలో ఎవరికైనా పెండ్లి కుదిరితే, ఆ సంగతి వరుసగా మూడు ఆదివారాలు చదివి వినిపించి, ఎవరికైనా అభ్యంతరం ఉందేమో అడగాలి. జోయెల్‌కు అది కంఠతా వచ్చు. పేర్లు ఒక్కటే కావాలి. తలుపు పక్కన నల్లరాతి పలక మీద రెండు పేర్లు కనిపించాయి. జక్కయ్య. దాని కింద, ఆయన కూతురు షైని, ఎం.ఎస్సీ.

"...మేడ్చల్ వాస్తవ్యుడగు జోయెల్‌కును, అలియాబాద్ వాస్తవ్యులు జక్కయ్య గారి కుమార్తె షైనికిని వివాహము జరుపుటకు నిశ్చయించబడినది. ఇందుకు ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

"నాకుంది అభ్యంతరం," అంది డోర్‌బెల్.

స్క్రూడ్రైవర్ జారి జోయెల్ కాలి బొటనవేలి మీద పడింది.

"ఎ... ఎవరండీ?"

"షైని, ఎం.ఎస్సీ."

జక్కయ్యది బటన్ల ఫోన్. అందుకని బెల్లు తాలూకు యాప్ కూతురి ఫోన్‌లో పెట్టించాడు. ఆ కూతురు శామీర్‌పేటలో ఒక మందుల కంపెనీ ఆఫీసులో కూర్చుని, అంతకు రెండు నిమిషాల ముందే యాప్ తెరిచింది. ఈ ముక్క జోయెల్‌కు ఎవరూ చెప్పలేదు.

"సారీ మేడం. మైక్ టెస్టింగ్ మేడం."

"టెస్టింగ్‌లనే పెండ్లి జేస్తే, డెమోల పిల్లలకు పేర్లు గూడ పెడ్తరా?"

"మీరు వింటున్నరని తెల్వదు మేడం."

"ఇనుడే గాదు, సూస్తున్న. మీ ముక్కు స్క్రీన్ నిండ వచ్చింది. జర ఎనకకు జరగుర్రి, పరేషాన్ అయితాంది."

జోయెల్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ కెమెరా అద్దం అలాంటిది. దగ్గరగా నిలబడితే ముందు ముక్కు వస్తుంది, మనిషి ఆ తర్వాత ఎప్పుడో వస్తాడు.

తలుపు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న షైని నాయనమ్మ ఎలీషమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపి పకపకా నవ్వింది.

"నేనుండంగ ఇంటికి బెల్లెందుకురా పిలగా? ఎవలొచ్చినా నేనే అడుగుత. ఎవలు, ఏ ఊరు, ఎవలి బిడ్డ. గిది అడుగుతదా?"

"అడగదు అవ్వా. ఫొటో తీస్తది."

"ఫొటో దీస్తే మంచోడో చెడ్డోడో తెలుస్తదా?"

జోయెల్ డబ్బాతో పాటు వచ్చిన పుస్తకం తిరగేశాడు. అందులో ఆ సంగతి రాయలేదు.

* * *

ఈమధ్య ఆ చుట్టుపక్కల కొత్త ఇల్లు కడితే పొయ్యి మీద పాలు పొంగేలోపు వైఫై వెలగాలి. బల్బు చెప్పిన మాట వినాలి, తాళం వేలిముద్ర అడగాలి. ఆ పుణ్యమా అని మేడ్చల్‌లో బెన్నీ అన్న పెట్టిన స్మార్ట్ హోమ్ షాపు బాగా నడుస్తోంది, అందులో జోయెల్‌కు ఉద్యోగమూ నడుస్తోంది. జోయెల్ తండ్రి జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. వాళ్ల వంశంలో డిగ్రీ సర్టిఫికెట్ చూసిన మొదటివాడు జోయెల్. అందుకే కస్టమర్ కంప్లైంట్ ఇచ్చాడంటే అతనికి అన్నం సహించదు.

నాలుగో రోజు బెన్నీ అన్న ఫోన్ చేశాడు. "అలియాబాద్ కంప్లైంట్ తమ్మీ. 'మీ ఇంటి ముందు మనిషి ఉన్నారు' అని రోజుకు మూడొందల సార్లు మోగుతాందంట."

ఆ మనిషి ఎలీషమ్మే. ఆమె ఈగను తోలినా బెల్లు శామీర్‌పేటకు కబురు పంపుతోంది. జోయెల్ వెళ్లి, కుర్చీ ఉన్న వైపు కెమెరా పట్టించుకోకుండా సెట్టింగ్ మార్చి వచ్చాడు.

వారం తిరగకుండా రెండో కంప్లైంట్. కెమెరాలో అంతా చీకటి.

"దానికి నేనే తడిబట్ట కప్పిన," అని ఎలీషమ్మ ఒప్పేసుకుంది. "పొద్దుమాపు నన్నే గుడ్లప్పగించి సూస్తాంది. సిగ్గుండాలె."

"అవ్వా, ఇది నొక్కితే నీ మనవరాలు పలుకుతది. చూడు," అని జోయెల్ బెల్లు నొక్కి చూపించాడు. నీలిరంగు లైటు వెలిగింది.

"ఏంది అవ్వా, మీటింగ్‌ల ఉన్న," అంది షైని గొంతు.

ఎలీషమ్మ ముఖం విచ్చుకుంది. అంతే, మూడో కంప్లైంట్ తయారైంది. రోజుకు ఇరవై సార్లు బెల్లు నొక్కి "తిన్నవా బిడ్డా?" అని అడిగి బ్యాటరీ మొత్తం తాగేసింది.

ఇలా నలభై రోజుల్లో ఐదు కంప్లైంట్లు. జోయెల్ ఎప్పుడు వెళ్లినా షైని ఆఫీసులోనే ఉండేది. ఆమె అతణ్ణి చూసేది. అతను ఆమెను చూడలేదు. ఇంట్లో గోడ మీద రెండు జడల తొమ్మిదో తరగతి ఫొటో ఒకటుంది. వాట్సాప్‌లో ముఖం ఉండాల్సిన చోట మైక్రోస్కోపు ఉంది. ఇక ఆమె గొంతే మిగిలింది.

"గీ షర్ట్ కంపెనీ యూనిఫామా?" అనేది ఆ గొంతు.

"కాదు మేడం. అన్నీ ఉతకడానికి వేసిన్రు. ఇదే మిగిలింది."

"గందుకేనా, కాలర్‌కు ధర చీటీ ఏలాడుతాంది?"

మాటకు మాట అందివ్వాలని జోయెల్ దారి పొడుగునా ఏవేవో సిద్ధం చేసుకుని వచ్చేవాడు. బెల్లు ముందు నిలబడగానే అన్నీ ఎగిరిపోయి, "ఓకే మేడం" ఒక్కటే మిగిలేది. ఒకసారి మాత్రం నోరు జారాడు. "బీఎస్సీ చదివి బెల్లులు బిగిస్తున్నవా అంటరు మావోళ్లు."

"నేను ఎమ్మెస్సీ జదివి ఫైళ్లకు నంబర్లేస్తున్న. నువ్వు బిగించినయి మోగుతయి. నా ఫైళ్లు అది గూడ జెయ్యయి," అంది బెల్లు.

'మీరు' కాస్తా 'నువ్వు' అయిన సంగతి జోయెల్ శామీర్‌పేట చెరువు కట్ట దాటాక గానీ గమనించలేదు. గమనించాక బండి పక్కకు ఆపుకోవాల్సి వచ్చింది.

* * *

ఒక శనివారం జక్కయ్య స్వయంగా పిలిపించాడు. చేతిలో కవరు తీయని కొత్త స్మార్ట్‌ఫోన్ ఉంది.

"రేపు గండిమైసమ్మ నుంచి షైనిని సూడనీకి వస్తున్నరు. పిలగాడు బ్యాంకుల ఉన్నడు. వాళ్లు బెల్లు గొడితే నా ఫోన్ల గూడ కనబడాలె. జల్దీ పెట్టు బిడ్డా, నాకు చర్చిల కమిటీ మీటింగ్ ఉంది."

జోయెల్ యాప్ పెట్టాడు, పాస్‌వర్డ్ మూడోసారికి సరిగ్గా కొట్టాడు. అలవాటుగా నోరు కూడా తన పని చేసింది. "ఒక్కసారి ఒక్కరే మాట్లాడొచ్చు అంకుల్. బెల్లు నొక్కితే ఇద్దరి ఫోన్లూ మోగుతయి. ఎవరు ముందు ఎత్తితే లైన్ వాళ్లది."

"మంచిది," అని జక్కయ్య స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. ఎలీషమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి నడిచింది.

జోయెల్ ఒక్కడే మిగిలాడు. పనిముట్లు ఒక్కొక్కటే సర్దుతూ పావుగంట లాగాడు. రేపు ఎవరో వచ్చి ఇదే బెల్లు నొక్కుతారు. తను బిగించిన బెల్లు. తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత అడగడానికి ఏమీ ఉండదు. అడిగితే ఇప్పుడే అడగాలి.

నొక్కాడు. నీలిరంగు లైటు వెలిగింది. నలభై రోజులుగా ఆ లైటు వెలిగితే షైనియే.

"షైని గారూ, మాట్లాడకుర్రి. మీరు మాట్లాడితే నేను మర్చిపోత," అని కళ్లు మూసుకున్నాడు. "మా నాయిన వాచ్‌మన్. మా ఇంట్ల డిగ్రీ నాదే మొదటిది. మీ అంత చదువు లేదు. కానీ మీ గొంతు వినని రోజు, నాకు తెల్లారినట్టే అనిపిస్తలేదు. రేపు వాళ్లు రాకముందే అడుగుతున్న. ఇందుమూలముగా సంఘమునకు తెలియజేయునది ఏమనగా, మేడ్చల్ వాస్తవ్యుడగు జోయెల్‌కును, అలియాబాద్ వాస్తవ్యులు జక్కయ్య గారి కుమార్తె షైనికిని వివాహము జరగాలని జోయెల్ మస్తు కోరుకుంటున్నడు. అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది రెండవ ప్రకటన."

బెల్లులోంచి ఎవరో దగ్గినట్టు, ఏదో కుర్చీ జరిగినట్టు వినిపించింది. తర్వాత లైటు దానంతటదే ఆరిపోయింది.

అభ్యంతరం ఉందన్నా బాగుండేది. ఆ మాటైనా ఆమె గొంతుతో విని వెళ్లేవాడు. జోయెల్ చాయ్ తాగకుండానే బండి తీశాడు.

* * *

ఆదివారం ఆరాధన ముగిసి మైకు వైర్లు చుడుతుండగా ఫోన్ మోగింది. జక్కయ్య.

"బెల్లు కరాబైంది. ఇప్పుడే రా."

"అంకుల్, ఈరోజు మీ ఇంటికి చుట్టాలు..."

"గందుకే రమ్మంటున్న."

దారిలో వాన పట్టుకుంది. వచ్చేముందు ఉరుమైనా ఉరమని వాన. అలియాబాద్ చేరేసరికి జోయెల్ కోడిపిల్లలా తడిసి ఉన్నాడు. వాకిట్లో ఎలీషమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు మూసి ఉంది. బెల్లు నొక్కాడు.

"ఎవలు?" జక్కయ్య గొంతు.

"జోయెల్ అంకుల్. బెల్లుకు ఏమైంది?"

"బెల్లు మంచిగనే ఉంది. బిగించినోనికే ఏమో అయింది. నిన్న దీని ముందట నిలబడి ఎవలితోని మాట్లాడినవ్?"

జోయెల్ అబద్ధం ఆడటం నేర్చుకోలేదు. "షైని గారితోని."

"ఎత్తింది ఎవలు?"

ఎవరు ముందు ఎత్తితే లైన్ వాళ్లది. తను చెప్పిన మాటే, తన నోటితోనే చెప్పిన మాటే, తిరిగొచ్చి చెంప మీద కొట్టింది.

"కమిటీల కూసున్న," బెల్లు చెప్పుకుపోతోంది. "కొత్త ఫోనాయె. ఎత్తుడు వచ్చింది, బంద్ జేసుడు రాలె. మా అయ్యగారు, ఏడుగురు పెద్దమనుషులు, అందరు ఇన్నరు. ఆ ఏడుగురిల ఒకాయన గండిమైసమ్మ పిలగానికి మేనమామ. 'మీ బిడ్డకు రెండో ప్రకటన గూడ అయిపోయింది గద, ఇగ మమ్మల్ని ఎందుకు రమ్మన్నరు' అని లేసి పోయిండు."

వాన చూరు మీంచి ధారగా జోయెల్ నెత్తి మీదే పడుతోంది. అతను జరగలేదు.

"తప్పు నాదే అంకుల్. షైని గారికి ఈ సంగతే తెల్వదని నేనే పోయి ఆయనకు చెప్త. బతిమిలాడుకుంట." ఒక్క క్షణం ఆగాడు. "కానీ నిన్న అన్న మాట మాత్రం తప్పు కాదు. అది ఎనకకు తీసుకోను."

"ముక్కు నిజంగ గంత పెద్దగ ఏం లేదు," అంది ఒక గొంతు.

బెల్లులోంచి కాదు. వెనక నుంచి.

జోయెల్ తిరిగాడు. నీలిరంగు గొడుగు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన బైబిల్, బురద అంటకుండా ఒక చేత్తో ఎత్తిపట్టిన చీర కుచ్చిళ్లు. చర్చి నుంచి వస్తోంది. నవ్వు ఆపుకుంటుంటే పెదవి ఒక పక్కకు వంగింది. ఆ వంపును అతను ఇన్ని రోజులూ వింటూనే ఉన్నాడు. ఇప్పుడు చూశాడు.

"ఓకే మేడం," అన్నాడు, ఏమనాలో తెలియక.

"ఐదు కంప్లైంట్లు ఇచ్చిన," అంది షైని. "ఆ సెట్టింగ్ రెండుసార్లు నొక్కితే మారుతది. నాకు రాదనుకున్నవా?"

"మరి..."

"అవ్వ కుర్చీ జరిపి కూసున్నా అయిపోతుండె. నేనే జరపకు అన్న."

జోయెల్ ముఖంలో నిజమైన ఆందోళన కనిపించింది. "నేను ఐదుసార్లూ రిపోర్ట్‌ల 'సమస్య పరిష్కారమైనది' అని రాసి సంతకం పెట్టిన."

"పరిష్కారం కాలె. ఎక్కువైంది." ఆమె గొడుగు సగం అతని మీదికి జరిపి, బెల్లు వైపు వంగింది. "నాయినా, ఇంటున్నవా?"

"ఇంటున్న. బంద్ జేసుడు ఇంక రాలె."

"మొదటి ప్రకటనకు నేనొక అభ్యంతరం జెప్పిన. గది వాపస్ తీసుకుంటున్న."

బెల్లులో జక్కయ్య రెండుసార్లు దగ్గాడు. నిన్న విన్న దగ్గే అది.

"నిన్న మా అయ్యగారు ఏమన్నరో ఎరుకేనా పిలగా?" అన్నాడు చివరికి. "గీ పిలగాడు మన సెక్రటరీ కన్న మంచిగ సదివిండు, ఒక్క మాట మింగలె అన్నరు. నాయిన వాచ్‌మన్ అని గూడ మింగలె. గది నాకు నచ్చింది."

"అంకుల్..."

"మూడో ప్రకటన మాత్రం బెల్లుల కాదు. చర్చిల. వచ్చే ఆదివారం మీ నాయినను, అమ్మను తోల్కరా. కూసొని మాట్లాడుదాం."

"గిన్ని ముచ్చట్లు తలుపు మూసుకోని ఏందిరా?" ఎలీషమ్మ గొంతు బెల్లును బద్దలు కొట్టింది. "ముందుగాల తలుపు తియ్యి జక్కయ్యా. చాయ్ సల్లారుతాంది. ఆ పొల్లగాడు నిన్నటి చాయ్ గూడ బాకీ ఉన్నడు."

లోపల గొళ్లెం కదిలిన చప్పుడైంది. అదే సమయానికి షైని చేతిలో ఫోన్ టింగుమంది. జోయెల్ తొంగి చూశాడు. 'మీ ఇంటి ముందు ఇద్దరు మనుషులు ఉన్నారు.'

అతని చేయి అలవాటుగా జేబులోని స్క్రూడ్రైవర్ మీదికి పోయింది. "మళ్లీ మోగుతాంది. సెట్టింగ్ మార్చాలా?"

"ఇప్పుడొద్దు," అంది షైని, ఫోన్ పక్కకు పెడుతూ. "రేపు కంప్లైంట్ ఇస్త."