డ్రూమా సరస్సు మీద గాలి

కొట్టుకి వచ్చిన మనిషి చేతులు చూస్తే ఏం కావాలో, కళ్ళు చూస్తే ఎంత అవసరమో తెలిసిపోతుందని మర్డీనా గిల్లీస్ అంటూ ఉంటుంది. ఇన్వర్‌నెస్ రేవు వీధిలో ఆవిడ సగం జీవితం తాళ్ళూ గాలాలూ అమ్మింది. మొగుడు పోయాక అదే కొట్లో, అదే బల్ల వెనక కూర్చుని అపరాధ పరిశోధన మొదలుపెట్టింది. అప్పట్లో తాళ్ళు కొలిచి ఇచ్చిన టోర్క్విల్ బేన్ ఇప్పుడు ఆవిడకు సహాయకుడు. సరుకు మారింది కానీ తూకం మారలేదని అతని నమ్మకం.

సెప్టెంబరు నెలలో ఒక పొద్దున ఆ తలుపు తోసుకొచ్చిన అమ్మాయి చేతులు కోటు గుండీని తిప్పుతూనే ఉన్నాయి. కళ్ళు చూస్తే రాత్రంతా మూసినట్టు లేవు.

"నా పేరు ఊనా మాథెసన్, గిల్లీస్ గారూ. డ్రూమా సరస్సు దగ్గర పడవలు అద్దెకిస్తాను. నిన్న సాయంత్రం నా పడవలో వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు."

టోర్క్విల్ కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఇద్దరొచ్చారు. గలాషీల్స్‌లో ఉన్ని మిల్లు ఉందట వాళ్ళకి. హెక్టర్ లారిమర్, ఆయన పినతండ్రి కొడుకు ఫెర్గస్. ఎక్కేముందు అందరికీ చెప్పేదే వాళ్ళకీ చెప్పాను. తెడ్డు నిలువుగా ఎత్తితే అంతా క్షేమం అని, అడ్డంగా పట్టుకుంటే ఆపద అని. సమాధుల దీవి మీద మాత్రం దిగొద్దని."

"వాళ్ళు ఎలా ఉన్నారు? సరదాగానే ఉన్నారా?"

"పెద్దాయన సరదాగానే ఉన్నాడు. ఫెర్గస్ మిల్లు అమ్మేద్దామని సణుగుతుంటే, 'నేనుండగా అమ్మేది లేదురా, నేను పోయాక నీ ఇష్టం' అని నవ్వుతూ లైఫ్ జాకెట్ తొడుక్కున్నాడు. ఫెర్గస్‌కి నేనే పట్టీ బిగించాను. ఇక్కడ కుట్టే చిన్న పురుగులు, ఆ నుసుమలకి ముసుగు వల ఇవ్వబోతే మెడ చూపించి, 'చూడు, ఒక్క గాటు లేదు. నా రక్తం చేదు, అవి ముట్టవు' అన్నాడు. వాళ్ళు వెళ్ళాక నేను వేరే వాళ్ళని రైలెక్కించడానికి కొండవతలికి పోయాను. తిరిగొచ్చేసరికి షెడ్డు మెట్ల మీద ఫెర్గస్ ఒక్కడే తడిసి ముద్దై కూర్చున్నాడు. గాలికి పడవ తిరగబడిందట. అన్న మునిగిపోయాడట."

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"దుప్పటి కప్పాను. టీ కాచిచ్చాను. మెడ నిండా దద్దుర్లుంటే మందు రాశాను. అన్నీ చేయించుకుని, పోలీసులు రాగానే వేలు నా మీదికి తిప్పాడు. గాలి చూడకుండా పంపానట, జాకెట్ బాగాలేదట. లైసెన్సు పోతే పోనీండి. కానీ ఒక మనిషిని నేను చంపానా లేదా, అది నాకు తెలియాలి."

"నువ్వున్నప్పుడు గాలి ఉందా?"

"ఆకు కదల్లేదు. కానీ కొండ సందులోంచి ఉన్నట్టుండి ఊడిపడే గాలి మాకు కొత్త కాదు. అవతల ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలియనే తెలియదు. ఆ నీళ్ళలో రాత్రంతా ఎవరూ బతకరండీ."

మర్డీనా అప్పటికే కోటు తొడుక్కుంటోంది. "నీళ్ళలో ఉంటే బతకడు," అంది. "పద అమ్మాయ్. ఈ బేరంలో ఆలస్యమే అన్నిటికన్నా ఖరీదు."

*

దారి పొడుగునా ఊనా వ్యాను నడుపుతూ మాటిమాటికీ ఆకాశంకేసి చూసింది. టోర్క్విల్‌కి రాత్రి ఎంత చలేసిందో తెలుసు. ఇంట్లో రెండు రగ్గులు కప్పుకున్నాడు.

డ్రూమా సరస్సు బూడిద రంగులో అలలు కొడుతోంది. చుట్టూ కొండలు బోడిగా, గోధుమరంగు హెదర్ పొదలతో ఉన్నాయి. గొర్రెలూ దుప్పులూ తిరిగే ఆ నేల మీద మొలిచిన మొక్క మొలిచినట్టే మాయమౌతుంది. పడమటివైపు నీళ్ళ మధ్య సమాధుల దీవి ఒక్కటే పైన్ చెట్లతో నల్లగా కనిపిస్తోంది. వెతికే పడవలన్నీ తూర్పున తిరుగుతున్నాయి. ఫెర్గస్ చెప్పిన గాలి అటే వీచింది మరి.

టోర్క్విల్ వ్యాను దిగుతూనే ముసుగు వల తగిలించుకున్నాడు. షెడ్డు ముందు నిలబడ్డ సార్జెంట్ మెకాస్కిల్ పగలబడి నవ్వాడు.

"తీసెయ్యవయ్యా పెళ్ళికూతురా! ఈ గాలికి ఒక్క నుసుమ కూడా లేవదు."

టోర్క్విల్ సిగ్గుపడి తీసేశాడు. మర్డీనా మాత్రం నవ్వలేదు. సార్జెంట్ మొహంకేసి ఒక్క క్షణం చూసి లోపలికి నడిచింది.

ఫెర్గస్ పొయ్యి దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాట్లాడుతున్నంత సేపూ మెడ గోక్కుంటూనే ఉన్నాడు.

"గాలి ఎప్పుడు మొదలైంది, లారిమర్ గారూ?"

"బయల్దేరిన కాసేపటికే. మొదట హాయిగానే ఉందనుకున్నాం. నడిమధ్యకి వెళ్ళాక ఒక్క విసురు విసిరింది. అంతే."

"మీరు ఒడ్డు చేరాక తగ్గిందా?"

"తగ్గడమా? దానికి ఎదురీదుతున్నట్టే నడిచొచ్చాను. ఈ తలుపు దాకా మొహాన కొడుతూనే ఉంది."

"దారిలో ఎక్కడా ఆగలేదా?"

"అన్న నీళ్ళలో పోతే ఆగి పూలు కోసుకుంటానా?"

"అంతకుముందు పడవ ఎక్కడైనా కట్టి దిగారా?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఎక్కినవాళ్ళం ఎక్కినట్టే ఉన్నాం. ఇదంతా ఆ పిల్ల అజాగ్రత్త. ఆమె పంపిన వకీలు మీరు! మీకు జవాబు చెప్పాల్సిన పని కూడా నాకు లేదు."

"లేదు," అంది మర్డీనా మెత్తగా. "అయినా చెప్పారు. సంతోషం."

బయట, ఒడ్డుకు లాగిపెట్టిన ఎర్ర పడవ బోర్లా పడి ఉంది. మర్డీనా దాని ముక్కుకున్న తాడు చేతిలోకి తీసుకుని, పాతరోజుల్లో సరుకు చూసినట్టే వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా లాగింది. ఒకచోట ఆగింది.

"టోర్క్విల్, వాసన చూడు."

అతను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వేలికి ఏదో అంటుకుని ఒక పట్టాన వదల్లేదు. "పైన్ జిగురండీ."

"ఊనా, ఈ తాడు ఎప్పటిది?"

"కొత్తదండీ. నిన్న పొద్దునే కట్టాను. ఆ పడవకి నిన్న వీళ్ళదే మొదటి ప్రయాణం."

మర్డీనా లేచి చుట్టూ కొండలు చూసింది. టోర్క్విల్ కూడా చూశాడు. బోడి కొండ పక్కన బోడి కొండ. చూపు తిరిగి తిరిగి దీవి దగ్గర ఆగింది.

"సార్జెంట్ గారూ, ఆ దీవి వెతికారా?"

"చుట్టూ తిరిగి కేకలేశాం. బదులు లేదు."

"దిగారా?"

మెకాస్కిల్ టోపీ సర్దుకున్నాడు. "మా నాయనమ్మ అక్కడే ఉంది, గిల్లీస్ గారూ. వెనకటి రోజుల్లో తోడేళ్ళు తవ్వేస్తాయని శవాల్ని దీవికి చేర్చేవాళ్ళు. శవం వెంట తప్ప డ్రూమా వాళ్ళెవరూ అక్కడ కాలుపెట్టరు. చచ్చినా పెట్టరు."

"చచ్చాక పెడతారన్నమాట," అంది మర్డీనా. తర్వాత ఊనా భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "అమ్మాయ్, మోటారు పడవ తియ్యి. ఊరి నర్సునీ, ఇద్దరు మగవాళ్ళనీ ఎక్కించుకో. మీ పెద్దవాళ్ళకి నేను సంజాయిషీ చెప్పుకుంటాను. చూశాక తెడ్డుతో చెప్పు."

"నిలువుగానా, అడ్డంగానా?" అడిగింది ఊనా.

"ఏది నిజమైతే అది."

*

మోటారు చప్పుడు దూరమయ్యాక మర్డీనా సార్జెంటునీ, వెతకడానికి వచ్చిన నలుగురినీ షెడ్డులోకి పిలిచింది. టోర్క్విల్‌ని కిటికీ దగ్గర నిలబెట్టింది. తాను ఒక బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"ఊనా ఏదీ?" అన్నాడు ఫెర్గస్.

"పని మీద వెళ్ళింది. లారిమర్ గారూ, నేను కొట్టు నడిపిన మనిషిని. ఎవరైనా సరుకు తెస్తే రెండు వైపులా తిప్పి చూస్తాను. మీరు తెచ్చిన సరుకు గాలి. బయల్దేరినప్పట్నుంచి ఈ తలుపు దాకా ఆగని గాలి. అవునా?"

"అవును."

"సార్జెంట్ గారూ, గాలి వీస్తుంటే నుసుమలు లేస్తాయా?"

"చెప్పానుగా, లేవవు. ఆ ఆవగింజంత పురుగులు గాలికి నిలవలేవు. ఊళ్ళో పసిపిల్లల్నడిగినా..." మెకాస్కిల్ మాట మధ్యలో తెగిపోయింది. అతని చూపు ఫెర్గస్ మెడ మీదికి వెళ్ళింది. ఫెర్గస్ చెయ్యి అక్కడే ఉంది.

"మీరెవరూ పట్టించుకోలేదు," అంది మర్డీనా. "తప్పు మీది కాదు. ఇక్కడ గాటు లేని మెడే వింత. పాపం, ఊనా తన చేత్తోనే మందు రాసింది, తనకీ తట్టలేదు. కానీ వెళ్ళేటప్పుడు ఆ మెడ నున్నగా ఉంది. ఆయనే చూపించి మురిసిపోయాడు. నీ రక్తం చేదన్నావుగా నాయనా, రాత్రికి తీపెక్కిందా?"

వెనకాల ఎవరో చిన్నగా నవ్వి వెంటనే ఆపుకున్నారు.

"పొద్దున కుట్టి ఉండొచ్చు," అన్నాడు ఫెర్గస్.

"నిన్న రాత్రే దద్దుర్లకి మందు రాసిందయ్యా. నిన్న సాయంత్రం గాలి లేదు. గాలే లేకపోతే పడవ తిరగబడలేదు. మనిషి అక్కడ మునగలేదు. మరి ఎక్కడున్నట్టు?" ఆవిడ పడవ నుంచి కోసి తెచ్చిన తాడు ముక్క ఒడిలో పెట్టుకుంది. "ఎక్కడా దిగలేదన్నావు. ఈ కొత్త తాడుకి పైన్ జిగురు పట్టింది. ఈ సరస్సు చుట్టూ పైన్ చెట్టున్న చోటు ఒక్కటే. గొర్రె వెళ్ళలేనిది, ఊరివాళ్ళు వెళ్ళనిది. దిగొద్దని ఊనా చెప్పినప్పుడే నీకు అది పనికొస్తుందని తట్టింది. పాత రాళ్ళు చూద్దామని అన్నని తీసుకెళ్ళావు. చెట్టుకి పడవ కట్టావు. ఆయన వంగి రాళ్ళ మీద పేర్లు చదువుతుంటే వెనక నుంచి తెడ్డుతో కొట్టావు. పొద్దు వాలేదాకా చెట్ల నీడన దాక్కున్నావు. నుసుమలకి పండగా పబ్బం అన్నీ అప్పుడే. తర్వాత ఇటు ఒడ్డుకొచ్చి, పడవ తిరగేసి తోసి, ఒళ్ళు తడుపుకుని మెట్ల మీద కూర్చున్నావు. ఆయన దొరక్కపోతే నీళ్ళు మింగాయంటారు. ఎప్పటికో దీవి మీద దొరికినా, ఈదుకుంటూ చేరి చలికి పోయాడంటారు. ఎటు తిరిగినా మిల్లు నీదే. నష్టమంతా ఊనా మాథెసన్‌ది. బేరం బాగానే కట్టావు."

ఫెర్గస్ లేచి నిలబడ్డాడు. మొహం తెల్లబోయినా నవ్వడానికే ప్రయత్నించాడు. "సార్జెంట్, ఇదేనా మీ సాక్ష్యం? కోర్టులో నుసుమల్ని బోనెక్కిస్తారా? ఒక ముసలమ్మ కథ చెబితే..."

"అది సాక్ష్యం కాదు," అంది మర్డీనా. "సాక్షిని తేవడానికి ఊనా దీవికి వెళ్ళింది. కూర్చో."

అతను కూర్చోలేదు, పారిపోనూ లేదు. మెకాస్కిల్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. పొయ్యిలో కాలుతున్న పీట్ మట్టిగడ్డ ఒకటి విరిగి పడింది.

కిటికీ దగ్గర టోర్క్విల్ కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. దీవి ఒడ్డున మోటారు పడవ చుక్కలా ఆగి ఉంది. చెట్ల మధ్య ఎవరూ కనిపించడం లేదు. ఎంతసేపటికీ కనిపించలేదు. గిల్లీస్ గారి లెక్క ఎప్పుడూ తప్పదని అతనికి తెలుసు. కానీ లెక్క సరిగ్గా తేలడం వేరు, మనిషి బతికి ఉండడం వేరు. వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూశాడు. బల్ల వెనక అన్నేళ్ళు చూసిన మొహమే, కానీ ఒడిలో తాడుని ఆవిడ రెండు చేతులూ పిండేస్తున్నాయి. ఆవిడకీ తెలియదన్నమాట. అది చూశాక అతనికి ఇంకా భయమేసింది.

అలలు తగ్గాయి. నీళ్ళ మీద కొండల నీడ మెల్లగా స్థిరపడింది. గాలి ఆగిపోయింది. తెరిచిన కిటికీలోంచి నుసుమలు పొగలా లోపలికొచ్చాయి. టోర్క్విల్ నుదుటి మీద వాలాయి, కనురెప్పల మీద వాలాయి. అతను చెయ్యెత్తలేదు. సార్జెంట్ ఎత్తలేదు. ఎవరూ కదల్లేదు. ఫెర్గస్ ఒక్కడే చెంపలూ మెడా రెండు చేతులా కొట్టుకుంటున్నాడు.

"టోర్క్విల్?" అంది మర్డీనా.

"ఎవరో ఒడ్డుకొచ్చారండీ. ఊనాయే. చేతిలో తెడ్డుంది."

"ఎలా ఉంది?"

"అడ్డంగా..." అతను కిటికీ మీదికి వంగాడు. "అడ్డంగా మోసుకొస్తోందండీ."

ఫెర్గస్ చేతులు ఆగిపోయాయి. అతని మొహంలోకి ఏదో ఊరట మెల్లగా పాకడం అందరూ చూశారు. అన్న పోయాడని విన్న తమ్ముడి మొహం అలా ఉండదు. మెకాస్కిల్ అది చూసి పళ్ళు నూరుకున్నాడు.

ఊనా నీళ్ళ అంచు దాకా వచ్చింది. మోకాళ్ళ లోతుకి దిగింది. అక్కడ కాలూని నిలబడి, రెండు చేతులతో తెడ్డు పట్టుకుని, తల మీదికి ఎంత ఎత్తు అందితే అంత ఎత్తుకి, నిట్టనిలువుగా ఎత్తింది.