నెలకోసారి నొక్కే బటన్

"హీటరు పుస్తకంలో రెండూ లైవ్ వైర్లని రాసుంటే రెండు ఫేజులూ ఇచ్చేస్తారేటి? ముందు మీటరు పెట్టి సూడండి."

వాసు చేతిలో స్క్రూడ్రైవరు అక్కడే ఆగిపోయింది. నర్సీపట్నం బస్టాండు పక్కన సొంత ఎలక్ట్రికల్ కొట్టున్న మనిషికి, మీటరు పెట్టి చూడమని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఎదురుగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ రోజారమణికి ఉంది.

ఆమెది పొరపాటని నిరూపిద్దామనే మీటరు పెట్టాడు. రెండు ఫేజుల మధ్యా నాలుగొందల పైచిలుకు వోల్టులు చూపించింది. అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిన ఆ హీటరు ప్లేటు మీద మాత్రం రెండువందల నలభై అని ఉంది. ఆ దేశంలో రెండు లైవ్ వైర్లు కలిస్తేనే అంత వస్తుంది. మన ఇళ్ళలో ఒక ఫేజు, ఒక న్యూట్రల్ చాలు. స్విచ్ వేసి ఉంటే నీళ్ళు కాగేలోపు హీటరే కాలిపోయేది.

"మీకెలా తెలిసిందండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేం తెలీదు. ఫిజియోథెరపీ చదివాను. ప్లేటు మీద అంకె చదవడం వచ్చు, అంతే."

నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. వాసుకి మొదటి రోజే పరువు పోయింది. ఆ పెదవి చూశాక మనసు కూడా పోయింది.

కృష్ణదేవిపేట రోడ్డులో రోజారమణి వాళ్ళ ఇల్లు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని గోరువెచ్చని నీళ్ళలో నడిపించి నయం చెయ్యాలని ఆమె పట్టుబడితే, తండ్రి సోములు పెరట్లో చిన్న పూల్ కట్టించాడు. శీతాకాలం ఏజెన్సీ కొండల మీంచి గాలి దిగిందంటే ఆ నీళ్ళలో వేలు కూడా పెట్టలేరు. హీటరు పనిచేస్తేనే రోజారమణి వైద్యం మొదలయ్యేది.

వాసు ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వైరింగ్ చేశాడు. ఒక ఫేజు, ఒక న్యూట్రల్, గట్టి ఎర్త్. నీళ్ళ దగ్గర కరెంటు ఏమాత్రం లీకైనా టక్కున పడిపోయే ట్రిప్ స్విచ్ కూడా పెట్టాడు. దాని మీదున్న చిన్న బటన్ చూపించి, నెలకోసారి ఇది నొక్కాలని, నొక్కగానే స్విచ్ పడిపోతే అంతా బాగున్నట్టేనని చెప్పాడు. దానంతట అదే పడితే మాత్రం ఎవరూ పైకి ఎత్తొద్దని, తనకి ఫోన్ చెయ్యమని గట్టిగా చెప్పాడు.

కుర్చీలో కూర్చున్న రోజారమణి నాయనమ్మ మహాలక్ష్మమ్మ అందరికన్నా శ్రద్ధగా విన్నది.

"నెలకోసారేనా బాబూ? ఎక్కువసార్లు నొక్కితే పాడైపోద్దా?"

"పాడవదు మామ్మా. పడిపోద్ది, అంతే."

మర్నాడు పొద్దున్నే ఫోను. స్విచ్ పడిపోయింది. వాసు వచ్చి అన్నీ విప్పి చూశాడు. ఎక్కడా లీకు లేదు. మామ్మ ఉప్మా పెట్టి, ఇంట్లో ఎవరెవరున్నారో, చేపలు తింటాడో లేదో అడిగి తెలుసుకుంది. రెండు రోజులకి మళ్ళీ పడింది. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఉప్మా.

రోజారమణి అతన్ని "నాలుగొందలు గారు" అని పిలవడం మొదలుపెట్టింది. పక్కనే కూర్చుని టార్చి పట్టుకునేది. అతను వైర్లు చూస్తున్నాననుకుంటూ ఆమె చెవి జూకాలు చూసేవాడు. ఆమెకది తెలుసు. టార్చి కాంతి కావాలనే అతని కళ్ళలో వేసేది.

పేషెంట్లు మొదటిసారి వచ్చిన రోజే స్విచ్ మళ్ళీ పడింది. నీళ్ళు చల్లారి పెద్దవాళ్ళు వణుకుతూ గట్టెక్కారు. రోజారమణి ముఖం చిన్నబోయింది.

"మీరు మంచివారే వాసు గారూ. కానీ ఈళ్ళకి జవాబు నేను సెప్పుకోవాలి. ఇంకోసారి పడితే విశాఖ నుంచి వేరే మనిషిని పిలుస్తాను."

ఆ మాట వాసుకి గుచ్చుకుంది. పూటంతా కూర్చుని ప్రతి స్క్రూ బిగించాడు, పాత వైరు పీకి కొత్తది లాగాడు. ఆ తర్వాత స్విచ్ పడలేదు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, పేషెంట్లు హాయిగా నడుస్తున్నారు. అతనొక్కడికే మనసు బాగాలేదు. ఏమని చెప్పి ఆ ఇంటికి వెళ్ళాలి?

వారం గడిచాక ఫోన్ మోగింది. రోజారమణి.

"పడిపోయింది. బేగి రండి."

ఇక విశాఖ మనిషి రావడమే మిగిలింది. వాసు బండి గేటు ముందు ఆపేసరికి ఉపమాక గుడి నుంచి వచ్చిన మామ్మ ప్రసాదం పొట్లంతో ఆటో దిగుతోంది. అతని వాలిన ముఖం చూసి చెయ్యి పట్టుకుంది.

"నీ పనిలో తప్పేటీ లేదు బాబూ. నానే నొక్కినాను ఆ బటను. నువ్వొత్తే మా పిల్ల నవ్వుతాది, అందుకని. పేసెంట్లు వత్తారన్న సంగతి మర్సిపోనాను. అది ఏడిసినంత పని సేసింది, ఆ రోజు నుంచి నాను ముట్టుకోలేదు. దేవుడికీ సెప్పుకొని వచ్చినాను."

"మరి ఈ రోజు?"

"ఈ రోజు నాను ఊళ్ళోనే లేను కదేటి."

వాసు పెరట్లోకి నడిచాడు. ఆదివారం, పేషెంట్లు ఎవరూ లేరు. రోజారమణి బోర్డు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ నడుం మీదుండే చెయ్యి ఈసారి వెనకాల దాక్కుంది.

"ఇంకోసారి పడితే వేరే మనిషిని పిలుస్తానన్నారు."

"పిలవలేదు కదా."

"ఎలా పడింది?"

ఆమె నేల చూసింది. తర్వాత అతన్ని సూటిగా చూసింది.

"వారం రోజులు సూశాను. పాడు స్విచ్చు, ఒక్కసారీ పడలేదు. నేనేటి సెయ్యాలి?"

వాసుకి ఇన్నాళ్ళూ వెతికిన లీకు దొరికినందుకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మోకాళ్ళు పట్టుకుంటూ వెనకే వచ్చిన మామ్మ, ప్రసాదం పొట్లం విప్పి ఇద్దరి చేతుల్లోనూ చెరికాస్త పెట్టి, సోముల్ని కేకేసింది.

"ఒరే సోములూ, విశాఖ మనిసికి ఫోన్ సెయ్యకు. ఈ కుర్రోడి అమ్మకి సెయ్యి."

వాసు స్విచ్ పైకెత్తాడు. హీటరు మెల్లగా గుయ్యిమంది.

"ఇంక నెలకోసారే నొక్కాలి," అన్నాడు.

"ఇక్కడే ఉండిపోతే అదీ అక్కర్లేదు, నాలుగొందలూ," అంది రోజారమణి.