సెలోమ్ పాస్‌వర్డ్

కేటా ఊళ్ళో మనిషి పోతే ఏనుగంత పోస్టరు పడాలి. గోడగోడకీ నవ్వు మొహం అంటిస్తే తప్ప చచ్చినవాడు చచ్చినట్టు లెక్కే కాదు. సముద్రం సగం ఊరిని మింగి, ఇంకా ఆకలే అని అరిచే చోటు మరి. పోస్టరయినా మిగలాలి కదా! అలాంటిది, ఊరందరి పోస్టర్లూ అచ్చువేసిన సెలోమ్‌కే పోస్టరు లేదు. తెల్లారితే పూడ్చిపెట్టడం. మంచి ఫొటో ఒక్కటే ఉంది. అదీ దుకాణంలో అతని కంప్యూటర్లో.

అతని భార్య యాయ్రా సాయంత్రం దుకాణం తలుపు తీసింది. వానమబ్బు గడప దాకా దిగింది. లోపల సిరా వాసన, ఎండుచేపల వాసన, వెనక అలల హోరు.

విండోస్ అయితే యాయ్రా నిద్రలో కూడా నడిపేది. వైరస్‌లతో విసిగి సెలోమ్ దాన్ని పీకేసి లైనక్స్ పెట్టాక, సొంత వంటింట్లో ఉప్పు డబ్బా వెతుక్కునే గతి పట్టింది. ఎవరూ ఆపని కంప్యూటర్లోకి తన పేరుతో పోగలిగింది గానీ, మొగుడి ఫోల్డరు తెరుచుకోలేదు. రాజధాని అక్రాలో ఉన్న ఆడపడుచు అక్పెనెకి ఫోన్ చేసింది. అక్పెనె చెప్పినట్టే నల్ల కిటికీ తెరిచి, చెప్పిన మాటలు కొట్టింది. కంప్యూటర్ సెలోమ్ పాస్‌వర్డ్ అడిగింది. ఎంత కొట్టినా తెర మీద చుక్క కూడా పడలేదు.

"కీబోర్డు చచ్చిందే అక్పెనే!"

"చావలేదు వదినా. ఇందులో పాస్‌వర్డ్ కొడితే ఏమీ కనపడదు. గుడ్డిగా కొట్టుకుపో."

"కనపడకపోతే కొట్టానో లేదో ఎట్లా తెలుస్తుందీ?"

"నీ వేళ్ళని నువ్వే నమ్మకపోతే, మా అన్న నిన్నెట్లా నమ్మాడో!"

తన పేరు కొట్టింది. తప్పు. అత్తగారి పేరు. తప్పు. ఇంటి పడవ పేరు. తప్పు. ఏడుపొచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

టక్.

ఒక మీట దానంతటదే కిందికి దిగింది. కాసేపాగి, ఇంకొకటి... టక్... నింపాదిగా, గట్టిగా నొక్కిపెట్టి.

"గుర్తొచ్చిందన్నమాట," అంది అక్పెనె ఫోన్లో. "వేళ్ళ చప్పుడు వినపడుతోంది. నువ్వే కదా?"

యాయ్రాకి ఫొటో కావాలి. తెల్లారేలోగా కావాలి.

"నేనే," అని గుసగుసగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

టక్. ఫోల్డరు తెరుచుకుంది.

"నువ్వేనా, సెలోమ్?"

ఆమెకి గుండె నిండిపోయింది. ఫొటోని తన ఫోల్డరులోకి తెచ్చుకుంది. పోస్టరు అచ్చయింది. మొగుడి బుగ్గ నిమిరి, కళ్ళు తుడుచుకుని, కంప్యూటర్ ఆపమని నొక్కింది.

ఆగలేదు. చిన్న పెట్టె తెరుచుకుంది.

"లోపల ఇంకొకరు ఉన్నారు. అయినా ఆపాలా?"

"తెలుసులే," అని నవ్వింది యాయ్రా. కింద రాసి ఉన్న పేరు చూసింది.

సెలోమ్ కాదు.

ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఎవరికీ లేని పేరు. ఆమె చేతులు మళ్ళీ ఒళ్ళో పడ్డాయి... బాణం గుర్తు మెల్లగా "వద్దు" మీదికి జరిగింది.

పేరు పక్కన, ఎప్పట్నుంచి ఉన్నారో కూడా రాసుంది. ఆదివారం మధ్యాహ్నం నుంచి.

సెలోమ్ ఆ కుర్చీలోనే ఒరిగిపోయిన మధ్యాహ్నం.